ఆటోలో పెట్టి నొక్కెయ్

అమెరికాలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న ఏ తెలుగువాళ్ళింటికైనా వెళ్ళి, "మీ దగ్గర ఎన్ని ఫొటోలున్నాయండీ?" అని అడగండి. హార్డ్ డిస్కులు తెచ్చి చూపిస్తారు. ఒకటి కాదు, మూడో నాలుగో. ఇరవై వేలు, ముప్ఫై వేలు అని కాస్త గర్వంగానే చెప్తారు. "వాటిలో మీ నాన్నగారి మొహం సరిగ్గా కనిపించేది ఒక్కటి చూపించండి" అనండి. అక్కడ మొదలవుతుంది వెతుకులాట. నయాగరా ముందు నాన్నగారున్నారు, కానీ మొహం బొగ్గు. గుడి మండపంలో ఉన్నారు, కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రగా. మనవడి పుట్టినరోజున ఉన్నారు, ఫ్లాష్ దెబ్బకి మొహం సున్నం కొట్టిన గోడ. ఆయన పోయాక దండ వెయ్యటానికి ఫొటో కావలసివస్తే, ఎప్పుడో మన ఊరి స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటోనే స్కాన్ చేసి పెద్దది చేయించుకుంటారు. ఆరేసి నెలల చొప్పున నాలుగుసార్లు వచ్చి వెళ్ళిన మనిషికి, ముప్ఫై వేల ఫొటోల్లోంచి గోడకి పనికొచ్చేది ఒక్కటి దొరకదు. ఇలా జరిగిన ఇళ్ళు నాకు తెలిసినవే నాలుగున్నాయి.

నేను చెప్పదలుచుకున్నది సూటిగానే చెప్తాను. 2000 తర్వాత పదేళ్ళ పాటు మనవాళ్ళ చేతుల్లో ఉన్నవి మంచి కెమెరాలు. చొక్కా జేబులో పట్టేవి, ఫిల్ము ఖర్చు లేనివి, తీసిన వెంటనే వెనక తెరమీద చూసుకుని బాగులేకపోతే మళ్ళీ తీసుకోగలిగేవి. ఫొటోగ్రఫీ నేర్చుకోవటానికి అంతకంటే సులువైన సాధనం అంతకుముందు ఎవరికీ దొరకలేదు. దానితో కూడా మనవాళ్ళు నేర్చుకోలేదు. చేతకాక కాదు. అది నేర్చుకోవలసిన పని అని అనుకోక.

ఈ మాట అంటే వెంటనే వచ్చే జవాబు, "మనమేమన్నా ఫొటోగ్రాఫర్లమా?" అని. మనం డ్రైవర్లమూ కాదు. కానీ ముప్ఫై ఏళ్ళు వచ్చాక ఇక్కడికి వచ్చి, రెండు కార్ల మధ్య ఇరికించి పార్కు చెయ్యటం నేర్చుకున్నాం. టాక్సు ఫారాలు నింపటం నేర్చుకున్నాం. మంచు తోసే మిషను విప్పి మళ్ళీ బిగించటం నేర్చుకున్నాం. గరిటె పట్టుకోనివాడు బ్రహ్మచారి రోజుల్లో గోంగూర పప్పు వండటం నేర్చుకున్నాడు. కెమెరా దగ్గరకి వచ్చేసరికి మాత్రం "ఆటోలో పెట్టి నొక్కెయ్, అదే చూసుకుంటుంది" అనేది మంత్రోపదేశం అయి కూర్చుంది. భార్యకి అదే చెప్పాడు, బావమరిదికి అదే చెప్పాడు, దారినపోయే తెల్లాయన్ని ఆపి ఫొటో తీసిపెట్టమన్నప్పుడూ అదే చెప్పాడు.

ఇందులో నన్ను ఎక్కువ బాధించేది ఏమిటంటే, ఈ మాట అన్నవాళ్ళలో సగానికి సగం సాఫ్ట్‌వేర్ మనుషులు. డిఫాల్ట్ అంటే ఏమిటో వీళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. డిఫాల్ట్ అంటే ఎక్కడో ఎవరో, మీరెవరో తెలియకుండా, మీ తరఫున తీసుకున్న నిర్ణయం. ఆఫీసులో ఎవరైనా ప్రోగ్రాముని డిఫాల్ట్ సెట్టింగులతో వదిలేస్తే చీల్చి చెండాడతారు. ఇంటికొచ్చి కన్నతల్లి మొహాన్ని మాత్రం డిఫాల్ట్‌కి అప్పగిస్తారు.

కొనటంలో మాత్రం లోటు చెయ్యలేదు. థాంక్స్‌గివింగ్ మర్నాడు తెల్లారగట్ల చలిలో దుకాణం ముందు లైను కట్టి మరీ కొన్నారు. పాట్‌లక్కుల్లో చర్చలన్నీ మెగాపిక్సెళ్ళ మీదే. "మీది ఐదా? మాది ఏడు. మా తోడల్లుడు పది కొన్నాడు." సరే, లెక్క చూద్దాం. అంగుళానికి 300 చుక్కల చొప్పున మామూలు నాలుగు బై ఆరు ప్రింటుకి కావలసింది 1200 బై 1800, అంటే 21 లక్షల అరవై వేల చుక్కలు. రెండు మెగాపిక్సెళ్ళకి కాస్త పైన. ఎనిమిది బై పది అంగుళాల పెద్ద ప్రింటుకైనా ఏడు చాలు. ఆ కెమెరాల్లో వెలుతురు పట్టుకునే సెన్సార్ ఎంతనుకున్నారు? చాలావాటిలో ఆరు మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేదు, పొడవు నాలుగున్నర లోపే. మన చిటికెన వేలి గోరంత. పాత ఫిల్ము ఫ్రేములో ముప్ఫై అయిదో వంతు. ఆ గోరు మీద ఐదు బదులు పది మిలియన్ల గళ్ళు గీస్తే ఒక్కో గడికీ పడే వెలుతురు సగం అవుతుంది. రాత్రిపూట ఫొటోలు ఇసక చల్లినట్టు రావటానికి ఒక కారణం అదే. మెగాపిక్సెళ్ళ లెక్క నోటికి వచ్చినవాళ్ళలో ఈ లెక్క తెలిసినవాడు ఒక్కడు నాకు తగల్లేదు. పెట్టెలో కెమెరాతోపాటు వచ్చిన చిన్న పుస్తకం మాత్రం ప్లాస్టిక్ కవరు చింపకుండా అలాగే ఉంది.

అన్నట్టు, మొట్టమొదటి డిజిటల్ కెమెరా 1975లో కొడాక్ కంపెనీలో స్టీవ్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు కట్టింది. పదివేల చుక్కలు, నలుపు తెలుపు, ఒక్క బొమ్మ కాసెట్ టేపు మీదకి ఎక్కటానికి ఇరవైమూడు సెకన్లు. దాన్ని బయటకి తేకుండా ఫిల్మునే నమ్ముకున్న కొడాక్ 2012లో దివాలా పిటిషన్ పెట్టుకుంది. ఆ కథ మనవాళ్ళకి బాగా తెలుసు, మేనేజ్‌మెంట్ క్లాసుల్లో చెప్తారు కదా. కెమెరా ఎలా పనిచేస్తుందో అడగండి, తెలియదు.

ఇంతకీ ఆ ఆటో చేసేది ఏమిటి? కెమెరాకి ఎదురుగా ఏమున్నదీ తెలియదు. మంచు, మామగారు, పట్టుచీర, దానికి అన్నీ ఒకటే, వెలుతురు ముద్దలు. అందుకని ప్రపంచమంతా సగటున మధ్యరకం బూడిదరంగు అని అనుకుంటుంది. ఎదురుగా ఉన్నదాన్ని ఆ బూడిదరంగు దగ్గరకి లాగుతుంది. తెల్లగా ఉంటే తగ్గిస్తుంది, నల్లగా ఉంటే పెంచుతుంది. జనవరి నెల, ఇంటి ముందు మోకాలి లోతు మంచు, నాన్నగారు తెల్ల పంచె మీద కోటు వేసుకుని నిలబడ్డారనుకోండి. ఫ్రేములో ముప్పాతిక భాగం తెలుపు. కెమెరా హడలిపోయి వెలుతురు కోసేస్తుంది. మంచు బూడిదైపోతుంది, నాన్నగారి మొహం నల్లగా అలుక్కుపోతుంది. పెళ్ళి హాల్లో నల్ల తెరముందు పెళ్ళికూతురు నిలబడితే దీనికి సరిగ్గా తిరగబడుతుంది. తెర బూడిద, అమ్మాయి మొహం పిండిబొమ్మ.

దీనికి మందు కెమెరా వెనకే ఉంది. ప్లస్సూ మైనస్సూ కలిపి గీసిన చిన్న మీట. ఎక్స్‌పోజర్ పెంచటానికీ తగ్గించటానికీ. మంచులో ఒకటి ప్లస్, నల్ల తెర ముందు మూడింట రెండు వంతులు మైనస్. చూసి, ఇంకా కావాలంటే ఇంకాస్త. చాలా కెమెరాల్లో ఇది పూర్తి ఆటోలో పనిచెయ్యదు. డయల్‌ని ఒక్క గడి తిప్పి పీ అన్న అక్షరం దగ్గర పెట్టాలి. ఆ ఒక్క గడి తిప్పటానికి పదేళ్ళలో తీరిక దొరకలేదు.

నేను ఇంతగా పట్టుబట్టటానికి కారణం ఉంది. మనం చామనచాయ మనుషులం. మనకంటే నల్లటివాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. యంత్రాలు అనుకునే సగటు మనిషి మనం కాదు. ఫిల్ము రోజుల్లో కొడాక్ లాబుల్లో రంగులు సరిచూసుకోవటానికి ఒక కార్డు ఉండేది. దాని మీద ఒక తెల్లమ్మాయి బొమ్మ. ఆ కార్డులకి షిర్లీ అని పేరే పడిపోయింది. ఆ అమ్మాయి ఒంటిరంగు సరిగా వస్తే ప్రపంచం సరిగా వచ్చినట్టు లెక్క. మిగతా రంగులవాళ్ళని కూడా ఎక్కించిన కార్డులు 1990లలో గానీ రాలేదు. ముదురు గోధుమరంగులు ఫిల్ము మీద సరిగా రావటంలేదని ముందుగా గోల పెట్టింది చాక్లెట్లవాళ్ళూ, చెక్క సామాన్లు అమ్మేవాళ్ళూ అంటారు. మనుషులు అడిగితే కదలనిది చాక్లెట్ అడిగితే కదిలిందన్నమాట. డిజిటల్ వచ్చాక ఇదంతా పోయిందనుకుంటారేమో. 2009లో ఒక జపాన్ కంపెనీ కాంపాక్ట్ కెమెరా, కళ్ళు మూసుకుంటే పట్టిస్తానన్నది, అమెరికాలో తైవాన్ మూలాలున్న ఒకమ్మాయి నవ్వుతూ తీసుకున్న ప్రతి ఫొటోకీ "ఎవరైనా కళ్ళు ఆర్పారా?" అని అడిగింది. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఎక్స్‌పోజర్ నేర్చుకోమంటున్నది తెల్లగా చెయ్యటానికి కాదు. మనవాళ్ళకి ఆ జబ్బు వేరే ఉంది. పెళ్ళిచూపుల ఫొటోకి మన స్టూడియోవాడు మొహానికి వెన్న రాసినట్టు రుద్ది పంపేవాడు, ఇంట్లోవాళ్ళు అదే ముచ్చటపడేవాళ్ళు. నేను అడుగుతున్నది దానికి సరిగ్గా ఎదురు. నల్లటి మొహంలో నలుపు ఎన్నిరకాలుగా ఉంటుందో, నుదుటి మీద ఒక రకం, చెంప పక్కన ఒక రకం, అది ఉన్నదున్నట్టు కనిపించాలని. బొగ్గుముద్ద చెయ్యటమూ కాదు, సున్నం కొట్టటమూ కాదు. మా మేనత్త బతికున్నన్నాళ్ళూ ఫొటో అంటే లోపలికి వెళ్ళిపోయేది, "నాది రాదురా, నా మొహం ఫొటోకి పడదు" అని. మొహం పడకపోవటమేమిటి? పక్కన కిటికీ ఉంది, కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒకటి ప్లస్ పెడితే పడుతుంది. ఆవిడ ఆ మాట నమ్మే పోయింది.

ఇక ఫ్లాష్. దీని గురించి మాట్లాడితే నాకు కోపం ఆగదు. కాంపాక్ట్ కెమెరాలో ఉండేది బఠాణీగింజంత ఫ్లాష్. దాని వెలుతురు పది అడుగుల దాకా పోతుంది, మహా అయితే పన్నెండు. పది అడుగుల్లో ఉన్నవాడికి అందిన దాంట్లో ఇరవై అడుగుల్లో ఉన్నవాడికి నాలుగో వంతే, నలభై అడుగుల్లో ఉన్నవాడికి పదహారో వంతు. ఇది పదో తరగతి సైన్సు. అది చదివి, ఆ మీద ఎమ్మెస్ చేసినవాళ్ళు తెలుగు మహాసభల్లో ముప్ఫయ్యో వరసలోంచి స్టేజీ మీద కూచిపూడికి ఫ్లాషు కొడతారు. వచ్చేదేమిటి? ముందు వరస బట్టతల ఒకటి ధగధగా, వెనక కారుచీకటి. జూలై నాలుగున ఆకాశంలో టపాకాయలకి ఫ్లాషు. రాత్రి నయాగరాకి ఫ్లాషు, జలపాతం నల్లబడుతుందని కాబోలు. నిజంగా అవసరమైనచోట మాత్రం వెయ్యరు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు వెనక ఉండి మొహం నీడలో ఉంటే, ఆరడుగుల దూరంలో నిలబడి బలవంతంగా ఫ్లాషు వెయ్యాలి, మొహం తేటగా వస్తుంది. ఆటోకి ఆ సంగతి తెలియదు. పగలు కదా అని ఊరుకుంటుంది. చీకట్లో అక్కర్లేని చోట వేస్తుంది, ఎండలో కావలసిన చోట మానేస్తుంది. దాన్ని నమ్ముకున్నారు మనవాళ్ళు.

ఇంట్లో అయితే మెరుపు గుర్తు మీద నొక్కి ఆపేస్తే చాలు. దీపారాధన వెలుతురు దీపారాధన వెలుతురులాగే ఉంటుంది. వినాయకచవితి పూజ ఫొటోలు చూడండి ఎవరింట్లోవైనా. పత్రి మీద ఫ్లాష్, వెండి గిన్నెల మీద ఫ్లాష్, కుందిలో దీపం వెలుగుతోందో లేదో తెలియదు. 1957 మాయాబజార్‌లో మార్కస్ బార్ట్లీ పడవ మీద వెన్నెల కురిపించాడని మనమే కదా చెప్పుకుని మురిసిపోయేది! వెన్నెల ఇష్టమే, దీపం ఇష్టమే, ఆ ఫ్లాష్ ఆపటానికి బటను ఎక్కడుందో మాత్రం తెలుసుకోం.

షట్టరు బటను సగం నొక్కి ఆగాలన్న సంగతి కూడా తెలియనివాళ్ళే ఎక్కువ. సగం నొక్కితే కెమెరా ఫోకస్ చూసుకుని, వెలుతురు కొలుచుకుని సిద్ధంగా ఉంటుంది. ఆ తర్వాత మిగతా సగం నొక్కితే అప్పుడు పడుతుంది. ఒక్కసారిగా గట్టిగా నొక్కితే అదంతా అప్పుడు చేసుకుని నెమ్మదిగా తీస్తుంది. ఈలోపల పిల్ల కొవ్వొత్తి ఊదేసింది, నవ్వేసింది, అటు తిరిగిపోయింది. "మళ్ళీ ఊదమ్మా, ఫొటో రాలేదు" అని కొవ్వొత్తి మళ్ళీ వెలిగించిన పుట్టినరోజులు ఎన్ని చూశానో! మనవాళ్ళ ఆల్బంలలో పిల్లలు ఊదిన కొవ్వొత్తులన్నీ రెండోసారి ఊదినవే. మిగిలినవి, పువ్వు బొమ్మ ఉన్న బటను దగ్గరివాటికనీ, డిజిటల్ జూమ్ అనేది జూమే కాదు, ఉన్న బొమ్మలో ముక్క కోసి పెద్దది చెయ్యటమనీ, ఇవన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం పని. అంతకంటే లేదు.

మరి ఎందుకు నేర్చుకోలేదు? దీనికి నా జవాబు కొందరికి నచ్చదు. మనవాళ్ళు ఫొటో తీసింది చూడటానికి కాదు, ఋజువుకి. వీసా కాగితంలాగా, టాక్సు రసీదులాగా. ఫలానా చోటికి వెళ్ళాం, ఇదిగో. కారు కొన్నాం, ఇదిగో, బానెట్ మీద చెయ్యి. ఇల్లు కొన్నాం, ఇదిగో, గరాజ్ ముందు వరసగా ఐదుగురు. కాళ్ళ దగ్గర్నుంచి తల దాకా పడాలి, వెనకాల భవనం పూర్తిగా పడాలి. మొహాలు చిక్కుడుగింజలంత ఉన్నా పరవాలేదు. కింద కుడి మూల నారింజరంగులో తేదీ పడాలి. ఆ తేదీ కూడా ఇండియా టైముదో, బ్యాటరీ తీసి పెట్టాక మొదటికి వచ్చిన 2000 జనవరి ఒకటో. తేదీ ఎలాగూ ఫైలులోపల దానంతటదే నమోదై ఉంటుంది. దాన్ని బొమ్మ మీద అచ్చుగుద్ది, అమ్మ చీర కుచ్చెళ్ళ మీద అంకెలు వెయ్యవలసిన పనిలేదు.

ఋజువుకి మంచి వెలుతురు అక్కర్లేదు. ఋజువుకి ఉన్నాడా లేడా అన్నదే లెక్క. అందుకే ఆటో చాలింది. ఊళ్ళో వాళ్ళు కూడా అలాగే చూశారు లెండి. ఈమెయిల్లో వచ్చిన ఫొటోలో వెనక కారు ఏ రకమో చూసి, వంటింట్లో ఎన్ని బీరువాలున్నాయో లెక్కపెట్టి, "బాగా స్థిరపడ్డాడు" అన్నారు. మనిషి చిక్కిపోయాడని పట్టించుకున్నది ఒక్క తల్లే.

అసలు కెమెరా ఎవరి చేతిలో ఉండేదో చూడండి. ఇంటి యజమాని మెడలోనో బెల్టు పర్సులోనో. అందుకే ఆల్బంలలో ఆయన ఉండడు. భార్య చేతికిస్తే "ఊపకు, కదపకు, ఇటు తే". అమ్మ చేతికైతే ఇవ్వనే ఇవ్వడు. "ఖరీదైంది, పడేస్తావు." ఆవిడ ఆరునెలలు ఇక్కడ ఉంటుంది. పగలు కొడుకూ కోడలూ ఆఫీసుకి, పిల్లలు బడికి. ఇంట్లో ఆవిడా, టీవీ, కిటికీ. ఈ దేశాన్ని అంత తీరిగ్గా, అంత ఒంటరిగా, అంత ఆశ్చర్యంగా చూసే మనిషి ఆ ఇంట్లో ఇంకొకరు లేరు. ఆవిడ చూసింది ఒక్కటీ ఎక్కడా మిగల్లేదు. 1892లో హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టించాడు. అక్కడ కెమెరా దగ్గర ఉన్నది ఒక ఆడమనిషి. గాజుపలకల కాలం అది, ఒక్కో ఫొటోకీ ఎంత తతంగమో. నూట పదేళ్ళ తర్వాత, జేబులో పట్టే కెమెరాని తల్లి చేతికివ్వటానికి న్యూజెర్సీలో మన ఇంజనీరుకి చెయ్యి రాలేదు.

ఇచ్చిన చోట ఏం జరిగిందో ఒకటి చెప్తాను. మాకు తెలిసినవాళ్ళింటికి తెనాలి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. అరవై రెండేళ్ళు. చదువు ఐదో తరగతి. తొమ్మిదేళ్ళ మనవరాలు తన పాత కెమెరా ఇచ్చి మూడంటే మూడు నేర్పింది: మెరుపు గుర్తు ఆపటం, సగం నొక్కి ఆగటం, దగ్గరివాటికి పువ్వు బొమ్మ. "నానమ్మా, వెనకాల తెరలో నీకు నచ్చకపోతే మళ్ళీ తియ్యి, డబ్బులేం కావు" అంది. ఆ నాలుగో మాటే అన్నిటికంటే గొప్ప పాఠం. ఆవిడ వెళ్ళేలోపల నాలుగొందల పైన తీశారు. కొడుకు మామూలుగా చూస్తూ చూస్తూ సగంలో మాట్లాడటం ఆపేశాడు.

ఏమున్నాయందులో? చెత్త లారీ ఇనపచెయ్యి చాపి డబ్బాని ఎత్తుతున్న ఫొటో. గిన్నెలు కడిగే మిషను తలుపు తెరిచి, ఆవిరిలో వరసగా నిలబడ్డ కంచాలు. బడి నుంచి తినకుండా తిరిగొచ్చిన మనవడి డబ్బాలో ఇడ్లీ, పువ్వు బొమ్మ పెట్టి మరీ. పక్కింటి ముసలాయన పోస్టు డబ్బాలో చెయ్యి పెట్టి ఏమీ లేక వెనక్కి తీసుకోవటం, కిటికీలోంచి. కోడలి ఆఫీసు చెప్పులు గుమ్మం దగ్గర ఒకటి ఇటు, ఒకటి అటు. బూట్లు విప్పకుండా సోఫాలో పడి నిద్రపోతున్న కొడుకు, పక్కన దీపం వెలుతురు మాత్రమే, ఫ్లాషు లేదు, కాస్త కదిలింది కూడా. ఒక్కదాంట్లోనూ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ లేదు. ఆ ఇంటివాళ్ళు పదిహేనేళ్ళలో తీసిన ఫొటోలన్నీ పోయినా నష్టంలేదు గానీ ఈ నాలుగొందలు పోతే మాత్రం వాళ్ళు అమెరికాలో ఎలా బతికారో చెప్పేది ఇంకేదీ లేదు.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళు రెండు రకాలు. మొదటివాళ్ళు, "చిన్న కెమెరాతో ఏం వస్తుందండీ, పెద్దది కొనుక్కోవాలి" అనేవాళ్ళు. వీళ్ళు కొన్నారు కూడా. వెయ్యిన్నర డాలర్లు పోసి, గొట్టంలాంటి లెన్సు తగిలించి, డయల్ ఆటోలో పెట్టి నొక్కారు. పెళ్ళిలో పురోహితుడికీ పెళ్ళికొడుక్కీ మధ్య అడ్డంగా నిలబడి తలంబ్రాలు ఎవరికీ కనపడకుండా చేసింది వీళ్ళే. కార్టియే బ్రెసాన్ జీవితమంతా చేతిలో పట్టే చిన్న లైకా, చాలావరకు ఒకే ఒక్క 50 మిల్లీమీటర్ల లెన్సుతో తిరిగాడు. ఫ్లాష్ అంటే ఆయనకి అసహ్యం. చిన్నదవటం లోపం కాదు. చిన్న కెమెరా చూస్తే ఎదుటివాళ్ళు బిగుసుకుపోరు, అత్తగారు కొంగు సర్దుకోరు.

రెండోవాళ్ళది గట్టి వాదన. "ఇప్పుడెవరికండీ ఈ గొడవ, ఫోను అన్నీ చేసిపెడుతోంది కదా" అంటారు. నిజమే. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్ల పైచిలుకు డిజిటల్ కెమెరాలు బయటకి వెళితే 2023లో కోటి కూడా లేవు. కాంపాక్టులని ఫోనే మింగేసింది. ఫోను మీరు నొక్కిన క్షణానికి అటూ ఇటూ బోలెడు ఫ్రేములు తీసి, కలిపి, ఆకాశాన్ని నీలం చేసి, చీకటిని పగలు చేసి, మొహం మీద ముడతలు కూడా కాస్త తుడిచి చేతిలో పెడుతుంది. నల్లటి, గోధుమరంగు మొహాలు ఉన్నవున్నట్టు రావటంలేదని ఒప్పుకుని గూగుల్ 2021లో తన ఫోనులో దానికోసం విడిగా మార్పులు చేసింది కూడా. మంచిదే. కాకపోతే అడుగుతున్నాను, ఇది పాత ఆటోకి మనవడు కాదూ? మీ అమ్మ మొహాన ఎన్ని ముడతలుండాలో, మీ ఇంట్లో సాయంత్రం ఎంత చీకటిగా ఉండాలో ఇంకెవరో నిర్ణయించి పంపుతున్నారు. ఈసారి నిర్ణయం బాగుంది కాబట్టి అది మీది అయిపోతుందా? ఆ బొమ్మ బాగా వచ్చింది గానీ, మీరేమీ చూడలేదు. పైగా ఫోను జేబులోంచి తీస్తే ఫొటో తీసేలోపల మూడు మెసేజీలు వస్తాయి.

మన పిల్లలు ఈ సంగతి మనకంటే ముందు కనిపెట్టినట్టున్నారు. సొరుగుల్లో మూలపడ్డ మన 2005 నాటి కాంపాక్టుల్ని బయటకి లాగి కాలేజీలకి పట్టుకుపోతున్నారు. సెకండ్‌హాండు బజారులో వాటికి ధరలు కూడా పెరిగాయి. వాళ్ళు ఫ్లాషుతో మొహాలు తెల్లగా రావటమే అందం అంటున్నారు. ఆ ముచ్చట నాకు అర్థం కాదు, పోనివ్వండి, కనీసం తెలిసి చేస్తున్నారు.

మీ ఇంట్లో కూడా ఒకటి ఉండే ఉంటుంది. చార్జరు పోయినా ఆ బ్యాటరీలకి సరిపోయేవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. కార్డు కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. 2006కి ముందు కెమెరాలు చాలావరకు రెండు గిగాబైట్లకి మించిన కార్డుల్ని చదవలేవు, పెద్దది పెట్టి పాడైందనుకోకండి. తేదీ అడుగుతుంది, సరిగా పెట్టండి, బొమ్మ మీద అచ్చువేసే ఏర్పాటు మాత్రం ఆపెయ్యండి. అమ్మ వచ్చేది వచ్చే నెలలోనే అయితే, ఎయిర్‌పోర్టులో మీరు ఫొటోలు తియ్యకండి. ఇంటికొచ్చాక, ఆవిడ ఒళ్ళు అలవాటుపడి రాత్రిళ్ళు నిద్రపట్టటం మొదలైన తర్వాత, తెలుగులో ఆ మూడూ చెప్పండి, ప్లస్ మైనస్ మీట నాలుగోది. చెప్పి ఆఫీసుకి వెళ్ళిపొండి. సాయంత్రం వచ్చి "ఇదేంటమ్మా, చెత్త లారీ తీశావ్?" అనకండి. కార్డు నిండితే చెరపటం ఆవిడకి నేర్పకండి, ఇంకోటి కొనివ్వండి. పాత కార్డులో ఏమైనా మిగిలి ఉంటే ముందు కాపీ చేసుకోండి. అందులో మీ నాన్నగారు ఉండొచ్చు.